నాలుగు రోజులు రాసి ఆపేయండి

1990ల తొలి ఏళ్లలో అమెరికాలోని డల్లాస్ నగరంలో ఒక పెద్ద కంప్యూటర్ కంపెనీ తన సీనియర్ ఇంజినీర్లను ఒక్కసారిగా ఇంటికి పంపేసింది. ఎక్కువమంది యాభై దాటినవాళ్లు, ఆ కంపెనీనే నమ్ముకుని బతికినవాళ్లు. నెలలు గడిచాయి. ఇంటర్వ్యూలకు వెళ్తున్నారు, ఉత్తచేతులతో వస్తున్నారు. ఆ సమయంలో మనస్తత్వ పరిశోధకులు స్టెఫనీ స్పెరా, జేమ్స్ పెన్నెబేకర్, మరో సహచరుడు కలిసి ఉద్యోగం పోయిన 63 మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరిని రోజుకు ఇరవై నిమిషాల చొప్పున అయిదు రోజులు ఉద్యోగం పోవడం గురించి మనసులో ఉన్నదంతా రాయమన్నారు. కొందరిని రోజు ఎలా గడుస్తోంది, సమయాన్ని ఎలా వాడుకుంటున్నారు అన్నది మాత్రమే రాయమన్నారు. మిగిలినవాళ్లను ఏమీ రాయమనలేదు. ఎనిమిది నెలల తర్వాత చూస్తే, మనసు విప్పి రాసినవాళ్లలో సగానికి కాస్త పైగా మంది కొత్త ఉద్యోగాల్లో కుదురుకున్నారు. మిగతా రెండు బృందాల్లో అలా కుదురుకున్నవాళ్లు అంతకంటే చాలా తక్కువ.

రాసినవాళ్లకు హుషారు వచ్చి ఎక్కువ దరఖాస్తులు పెట్టి ఉంటారని ఎవరికైనా తోస్తుంది. పెట్టలేదు. ఉద్యోగం వెతకడంలో బృందాల మధ్య తేడా కనిపించలేదు. తేడా పాత ఉద్యోగం మీద, కొత్త ఉద్యోగం దొరకడం మీద వాళ్లకున్న భావాల్లో వచ్చి ఉంటుందని పరిశోధకులు అనుకున్నారు. ఇది 1994లో అచ్చయింది. ఇంటర్వ్యూలో కూర్చుని పాత కంపెనీ మాట రాగానే మొహం ఎర్రబడే మనిషికి ఉద్యోగం ఇవ్వడానికి ఎవరు ముందుకొస్తారు? ఆ కోపం కాగితం మీద ఒకసారి దిగిపోయి ఉంటే, ఇంటర్వ్యూ గదిలోకి దాన్ని మోసుకెళ్లక్కర్లేదు.

ఈ కథకు మొదలు మరికాస్త వెనక ఉంది. పెన్నెబేకర్ చిన్న వయసులోనే పెళ్లి చేసుకున్నాడు. కొన్నాళ్లకు కాపురంలో కలతలు వచ్చాయి, దిగులు పట్టుకుంది. ఒక రోజు టైప్‌రైటర్ ముందు కూర్చుని ఏది తోస్తే అది రాయడం మొదలుపెట్టాడు. కొద్ది రోజుల్లో దిగులు తగ్గడం మొదలైంది. ఈ సంగతి ఆయనే తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు. అప్పట్లో దాన్ని శాస్త్రం అనుకోలేదు. 1984లో ఆయన, రాబిన్ ఒహీరన్ కలిసి, ప్రమాదంలోనో ఆత్మహత్యవల్లో జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్లను పలకరించారు. ఆ దుఃఖాన్ని స్నేహితులతో చెప్పుకున్నవాళ్లకు ఆ తర్వాతి ఏడాదిలో ఆరోగ్య సమస్యలు తక్కువగా వచ్చాయి. లోపలే కుక్కుకుని అదే పనిగా తలపోసినవాళ్లకు ఎక్కువగా వచ్చాయి. చెప్పుకోవడం ఒంటికి మంచిదైతే, వినేవాళ్లు లేనప్పుడు కాగితానికి చెప్పుకుంటే ఏమవుతుందన్నది తర్వాతి ప్రశ్న.

1986లో ఆయన, శాండ్రా బీల్ కలిసి 46 మంది కాలేజీ విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు. ఒక బృందం చెప్పుల గురించో, తాముండే గది గురించో రాసింది. మిగతా బృందాలు తమ జీవితంలో తగిలిన పెద్ద దెబ్బ గురించి రాశాయి. అందులో ఒక బృందం జరిగిన సంఘటనను మాత్రమే, ఒక బృందం దాని గురించిన బాధను మాత్రమే, మరో బృందం రెండూ కలిపి రాయాలి. అక్షరదోషాలు, వ్యాకరణం ఎవరూ చూడరు. పేరు రాయక్కర్లేదు. తర్వాతి ఆరు నెలల్లో ఎవరు ఎన్నిసార్లు కాలేజీ ఆసుపత్రికి వెళ్లారో రికార్డులు తీసి చూశారు. సంఘటననూ బాధనూ కలిపి రాసిన విద్యార్థులు తక్కువసార్లు వెళ్లారు. పోలీసు రిపోర్టులా సంఘటనను మాత్రమే రాసినవాళ్లకు ఆ లాభం దక్కలేదు.

ఈ ప్రయోగం గురించి చెప్పేవాళ్లు తరచు దాటేసే ముక్క ఒకటుంది. బాధ గురించి రాసినవాళ్లకు రాసిన వెంటనే హాయిగా లేదు. దిగులు పెరిగింది, రక్తపోటు కూడా పెరిగింది, కొందరు ఏడ్చారు. లాభం వచ్చింది వారాలు, నెలలు గడిచాకే. రాయగానే గుండె తేలికపడాలని ఎదురుచూసేవాళ్లు మొదటి రోజే నోటుబుక్కు మూసేసి, ఇది మనకు పనికిరాదని తేల్చేస్తారు.

ఇది ఎందుకు పనిచేస్తుంది? మొదట్లో పెన్నెబేకర్ చెప్పిన కారణం సూటిగా ఉండేది. ఒక విషయాన్ని దాచిపెట్టడం శరీరానికి శ్రమ, ఆ శ్రమ ఏళ్ల తరబడి సాగితే జబ్బు, బయటపెడితే శ్రమ తగ్గుతుంది. 1988లో రోగనిరోధక శక్తిని పరిశోధించే దంపతులు జానిస్ కీకోల్ట్ గ్లేజర్, రోనల్డ్ గ్లేజర్‌లతో కలిసి ఆయన చేసిన ప్రయోగంలో, రాసిన విద్యార్థుల రక్తంలో రోగాలతో పోరాడే టీ కణాలు మెరుగ్గా స్పందించాయి. సిద్ధాంతానికి బలం వచ్చినట్టే కనబడింది.

ఎనిమిదేళ్లకు దానికి ఒక చిక్కు ప్రశ్న ఎదురైంది. 1996లో మెలనీ గ్రీన్‌బర్గ్, కమీల్ వర్ట్‌మన్, ఆర్థర్ స్టోన్ కొందరు విద్యార్థినులకు తమకు ఎన్నడూ జరగని కష్టాన్ని ఇచ్చి, అది తమకే జరిగినట్టు ఊహించుకుని రాయమన్నారు. కల్పన. దాచిన రహస్యం ఏదీ లేదు, బయటపెట్టిందీ ఏమీ లేదు. అయినా వాళ్లు కూడా ఆ తర్వాత డాక్టరు దగ్గరికి తక్కువసార్లే వెళ్లారు. రహస్యం దించుకోవడమే మందైతే ఈ ఫలితం రాకూడదు. నా మటుకు నాకు ఈ మొత్తం పరిశోధనలో అన్నిటికంటే ఆసక్తికరమైన ప్రయోగం ఇదే. లేని కష్టాన్ని ఊహించి రాసినా ఒంటికి మేలు జరిగిందంటే, పని జరుగుతున్నది రహస్యం దగ్గర కాదు, రాయడంలోనే ఎక్కడో అని అర్థం.

ఎక్కడో తెలుసుకోవడానికి పెన్నెబేకర్ కంప్యూటర్‌ని ఆశ్రయించాడు. వేల పేజీల రాతల్లో ఏ రకం మాటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టే ప్రోగ్రాము తయారుచేయించాడు. ఎక్కువ మేలు పొందినవాళ్ల రాతల్లో మొదటి రోజు నుంచి చివరి రోజుకు కొన్ని మాటలు పెరుగుతూ వచ్చాయి. మన భాషలో చెప్పాలంటే ‘ఎందుకంటే’, ‘అందుకే’, ‘ఇప్పుడు అర్థమవుతోంది’, ‘అప్పుడు తట్టలేదు’ లాంటివి. కారణం వెతికే మాటలు, తెలుసుకున్నానని చెప్పే మాటలు. మొదటి రోజే కట్టుదిట్టమైన కథ చెప్పేసినవాళ్లకు పెద్దగా ఒరిగిందేమీ లేదు. చెల్లాచెదురుగా మొదలుపెట్టి చివరికి ఒక వరసలోకి వచ్చినవాళ్లకే ఒరిగింది. 2003లో షెర్లాక్ క్యాంప్‌బెల్‌తో కలిసి చేసిన విశ్లేషణలో మరో సంగతి బయటపడింది: ఒక రోజు ‘నేను’ అంటూ రాసి, మరో రోజు ‘ఆయన’, ‘వాళ్లు’ అంటూ రాసినవాళ్లు, అంటే చూసే చోటు మార్చుకోగలిగినవాళ్లు, ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారు.

దీనికి మన ఊళ్లలో ఒక పాత రూపం ఉంది, పరామర్శ. చావు జరిగిన ఇంటికి వచ్చేవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు ‘ఎట్లా జరిగిందమ్మా?’ అని అడుగుతారు. చదువుకున్నవాళ్లం దీన్ని మోటుతనమనుకుంటాం, పుండు మీద కారం చల్లడమనుకుంటాం. కానీ గమనించండి. మొదటి రోజు ఆ ఇల్లాలు ‘పొద్దున కూడా బాగానే ఉన్నాడమ్మా’ దగ్గరే ఆగిపోతుంది, తర్వాత మాట పెగలదు. మూడో రోజుకు కాఫీ తాగడం, చెమటలు పట్టడం, ఆటో కోసం పక్కింటబ్బాయి పరుగెత్తడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పెద్దకర్మ నాటికి దానికి ఒక మొదలూ చివరా ఏర్పడతాయి. మధ్యలో ‘ఆ నెల ముందు నుంచే ఆయాసం అంటుండేవాడు, మేమే పట్టించుకోలేదు’ అనే వాక్యం చేరుతుంది. కంప్యూటర్ వెతికిన కారణం మాట అదే. అడిగినవాళ్లెవరూ వైద్యులు కాదు. చెప్పిందే చెప్పించడం తప్ప వాళ్లు చేసిందేమీ లేదు.

చిక్కేమిటంటే, అన్ని నష్టాలకూ పరామర్శ దొరకదు. భర్త పోతే వందమంది వస్తారు, విడాకులైతే ఎవరూ రారు. వచ్చినా తప్పు ఎవరిదో తేల్చడానికి వస్తారు. ఉద్యోగం పోయిందని హైదరాబాదులో ఒకడు ఆరు నెలలు ఇంట్లో చెప్పకుండా పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయటికి పోవచ్చు. వీసా రద్దయి అమెరికా నుంచి తిరిగొచ్చిన కుర్రాడిని అందరూ ‘మళ్లీ ఎప్పుడు?’ అనే అడుగుతారు. గర్భం పోయిన అమ్మాయికి ‘ఇంకా వయసుంది కదా’ అని ఒక్క మాటతో నోరు కట్టేస్తారు. రిటైరైన మర్నాడు పూలదండ వాడుతుండగా పొద్దున తొమ్మిదింటికి ఎటు పోవాలో తోచని మనిషిని ఎవరూ పరామర్శించరు, పైగా అభినందిస్తారు. ఈ రాత అభ్యాసానికి అసలైన చోటు ఇలాంటి నష్టాల దగ్గరేనని నా అభిప్రాయం. పరిశోధన కూడా కొంతవరకు అటే చూపిస్తోంది. 2002లో నెదర్లాండ్స్‌కు చెందిన మార్గరెట్ స్ట్రోబ బృందం భాగస్వామిని కోల్పోయినవాళ్లతో దుఃఖం గురించి రాయిస్తే, రాయనివాళ్ల కంటే వాళ్లకు అదనంగా ఏ మేలూ కనిపించలేదు. చావు దగ్గర మాట్లాడుకోవడానికి మనుషులు ఎలాగూ ఉంటారు, కాలం ఎలాగూ పనిచేస్తుంది.

ఇక ఈ మందు కొందరికి విషంగా మారిన సందర్భం. అరిజోనాలో డేవిడ్ స్బారా బృందం అప్పటికి కొత్తగా భర్త నుంచో భార్య నుంచో విడిపోయిన 90 మందిని తీసుకుంది. 2013లో వెలువడిన ఫలితం: ‘ఎందుకిలా జరిగింది, నేనేం తప్పు చేశాను’ అని రాత్రీ పగలూ తవ్వుకునే స్వభావం ఉన్నవాళ్లు మనసు విప్పి రాస్తే, నెలల తర్వాత వాళ్ల పరిస్థితి మామూలు దినచర్య రాసినవాళ్ల కంటే అధ్వానంగా ఉంది. వాళ్లకు పొద్దున లేచిందీ, పాలు కాచిందీ, బస్సెక్కిందీ రాసుకోవడమే మేలు చేసింది. తవ్వడం అలవాటైన చేతికి మళ్లీ పలుగు ఇచ్చినట్టయింది. అదే బృందం 2017లో మరో పరీక్ష పెట్టింది. ఈసారి మనసులోది ఊరికే కుమ్మరించకుండా విడిపోవడాన్ని మొదలు, మధ్య, ముగింపు ఉన్న కథగా రాయమంది. అలా రాసినవాళ్లలో నెలల తర్వాత గుండె వేగం తగ్గింది, గుండె లయలో ఆరోగ్యకరమైన హెచ్చుతగ్గులు పెరిగాయి. కాబట్టి అయిదో రోజు కూడా అదే వాక్యం రాస్తుంటే ఆపేయండి. పదో రోజు కూడా రాయాలనిపిస్తే అది డైరీ అవుతుంది, మంచిదే, కానీ ఈ అభ్యాసం కాదు. రాస్తుండగా పట్టుతప్పిపోతున్నట్టు అనిపిస్తే ఆ విషయం పక్కన పెట్టి వేరేది రాయమన్నది పెన్నెబేకర్ మొదటి నుంచీ చెప్పే నియమం.

దెబ్బ తగిలిన వారంలోనే కూర్చోబెట్టి అంతా చెప్పించడం కూడా మంచిది కాదు. ప్రమాదాల తర్వాత వెంటనే ఒకే విడతలో బాధితుల చేత అనుభవాన్ని తవ్వించే పద్ధతి ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేది. అది తర్వాతి మానసిక సమస్యలను ఆపడం లేదనీ, కొందరికి కీడే చేసిందనీ తేలాక ఆ ఉత్సాహం చల్లబడింది. పుండు పచ్చిగా ఉండగా దాన్ని కెలకవద్దు.

అసలు మేలు ఎంత? ఇక్కడ నిజాయితీ కావాలి. 1999లో జాషువా స్మిత్ బృందం ఉబ్బసం, కీళ్లవాతం ఉన్న 112 మంది చేత మూడు రోజులు రాయించింది. నాలుగు నెలల తర్వాత, బాధ గురించి రాసినవాళ్లలో 47 శాతం మందికి, మామూలు విషయాలు రాసినవాళ్లలో 24 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. ఇలాంటి అంకెలు చూసి పత్రికలు ఉప్పొంగిపోయాయి. 2006లో జోవాన్ ఫ్రటరోలీ 146 అధ్యయనాలను ఒకచోట పెట్టి లెక్కగట్టింది. మేలు ఉంది, కానీ సగటున చాలా చిన్నది. ఒక పెన్ను, నాలుగు పావుగంటలు తప్ప ఖర్చులేని పనికి ఆ చిన్న మేలు చవకే. మధుమేహానికి, నిస్పృహ వ్యాధికి మందులు మానేసి నోటుబుక్కు కొనుక్కోండని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. చావు ఆలోచనలు వస్తున్నా, పీడకలలు నెలల తరబడి వదలకున్నా ఒంటరిగా రాయడం మానేసి మనిషితో మాట్లాడాలి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడితో రాత పాత్ర అయిపోయిందనీ కాదు. తీవ్రమైన ఆఘాతం తర్వాత వచ్చే రుగ్మతకు డెనీస్ స్లోన్, బ్రయన్ మార్క్స్ బోస్టన్‌లో రాతతోనే చికిత్స రూపొందించారు. చికిత్సకుడి పర్యవేక్షణలో అయిదు విడతలు. 2018లో 126 మందిపై వెలువడిన ఫలితాల్లో అది పన్నెండు విడతల ప్రామాణిక చికిత్సకు తీసిపోలేదు. పెద్ద చికిత్సను మధ్యలో మానేసినవాళ్లు దాదాపు 40 శాతం, రాత చికిత్సను మానేసినవాళ్లు 6 శాతం.

రాయడం చేతగానివాళ్లు బొమ్మలు గీయవచ్చా అని అడుగుతారు. గీయవచ్చు, కానీ అది వేరే మందు. 2016లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మందికి మట్టి, రంగులు, కాగితం ముక్కలు ఇచ్చి 45 నిమిషాలు వదిలేసింది. దాదాపు ముప్పావు వంతు మందిలో ఒత్తిడి హార్మోను కార్టిసోల్ తగ్గింది, ముందు బొమ్మలు గీసిన అనుభవం ఉన్నా లేకున్నా. పోల్చడానికి ఊరికే కూర్చున్న బృందం అందులో లేదు కాబట్టి దాన్ని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. అంతకు ముందు 2005లో కర్రీ, క్యాసర్ చేసిన ప్రయోగంలో, తెల్లకాగితం మీద ఇష్టమొచ్చినట్టు రంగులు వేసినవాళ్ల కంటే, గీతలు ముందే గీసి ఉన్న వలయాకారపు నమూనాల్లో రంగులు నింపినవాళ్ల ఆందోళన ఎక్కువ తగ్గింది. చుక్కలు లెక్కపెట్టి ముగ్గు కలిపేవాళ్లకు ఇది వింతగా తోచదు. ఎలెన్ వినర్, జెనిఫర్ డ్రేక్‌ల ప్రయోగాలు మరింత సూటిగా చెప్పాయి: బాధనే బొమ్మగా గీసినవాళ్ల కంటే, బాధకు సంబంధం లేనిది గీసినవాళ్ల మనసే అప్పటికప్పుడు ఎక్కువ కుదుటపడింది. గీత దృష్టి మళ్లిస్తుంది, ఈ సాయంత్రం గడిచేలా చూస్తుంది. జరిగినదానికి వరస కట్టేది రాతే.

అయితే కష్టం గురించే రాయాలనేం లేదు. లారా కింగ్ 2001లో 81 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగంలో ఒక బృందం, అన్నీ అనుకున్నట్టు జరిగితే తమ జీవితం ఎలా ఉంటుందో రోజుకు ఇరవై నిమిషాలు నాలుగు రోజులు రాసింది. కష్టం గురించి రాసినవాళ్లలాగే వీళ్లూ తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువగా వెళ్లారు, రాస్తూ పెద్దగా బాధపడనూ లేదు. తవ్వుకునే స్వభావం ఉన్నవాళ్లు ఈ దారిలో మొదలుపెట్టడం మేలు. రిటైరైన మనిషి ‘పదేళ్ల తర్వాత ఒక మంగళవారం’ అని శీర్షిక పెట్టుకుని, ఆ రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా రాస్తే, తనకు నిజంగా ఏం కావాలో కొంత బయటపడుతుంది. ఊటీ ప్రయాణం రాస్తాడనుకుంటాం, తీరా చూస్తే పక్క వీధి పిల్లలకు లెక్కలు చెప్పడం రాస్తాడు.

ఏ భాషలో రాయాలన్నది మనవాళ్లకు నిజమైన ప్రశ్న. ఆఫీసంతా ఇంగ్లీషు, ఇల్లంతా తెలుగు. 2003లో కేథరిన్ హారిస్, ఐషె ఐచిచెయి, జీన్ గ్లీసన్ టర్కీ భాష మాతృభాషగా ఉండి ఇంగ్లీషు తర్వాత నేర్చుకున్నవాళ్ల వేళ్లకు తీగలు తగిలించి, చర్మం స్పందనను కొలిచారు. చిన్నప్పుడు పెద్దవాళ్లు కోప్పడే మాటలు మాతృభాషలో వినపడితే చర్మం ఎక్కువగా స్పందించింది. అవే మాటలు ఇంగ్లీషులో వినిపిస్తే స్పందన తగ్గింది. ‘సిగ్గు లేదూ?’ అని అమ్మ అన్నదాన్ని ఇంగ్లీషులో రాస్తే అది ఎవరినో అన్నట్టే ఉంటుంది. దాన్ని బట్టి నేను చెప్పేది ఇది: తాకలేనంత వేడిగా ఉంటే మొదటి రోజు ఇంగ్లీషులో రాయండి, కాస్త ఆరాక తెలుగులోకి రండి. తెలుగు రాత మరిచిపోయానని వెనక్కి తగ్గకండి. ఒత్తులు, దీర్ఘాలు దిద్దేవాళ్లెవరూ ఉండరు.

నాలుగు రోజులూ అయ్యాక ఒక రెండు వారాలు ఆగి, ఆ పేజీలు పెన్సిలు పట్టుకుని చదవచ్చు. తెలుగులో ‘నేను’ రాయకపోయినా క్రియ చివర్లో దొరికిపోతుంది: వెళ్లాను, అరిచాను, మోసపోయాను. మొదటి పేజీలో అన్నీ ‘-ను’లే ఉండి, నాలుగో పేజీలో ‘అన్నాడు’, ‘భయపడింది’, ‘వాళ్లకీ డబ్బు లేదు’ కూడా కనిపిస్తే, చూసే చోటు మారిందన్నమాట.

తర్వాత ఆ కాగితాలను ఏం చేయాలి? ఇంట్లో ఏ సొరుగూ ఒక్కరిది కాదు, ఎవరైనా చదువుతారన్న భయంతో రాస్తే అబద్ధాలే వస్తాయి. చింపేయండి. స్పెయిన్‌లో పాబ్లో బ్రిన్యోల్, అమెరికాలో రిచర్డ్ పెటీ కలిసి 2013లో చూపింది ఏమిటంటే, తమ శరీరం గురించి తాము రాసుకున్న చెడు ఆలోచనల కాగితాన్ని చెత్తబుట్టలో పడేసినవాళ్ల మీద ఆ ఆలోచనల ప్రభావం తగ్గింది. కాగితాన్ని పడేయకుండా ఉంచుకున్నవాళ్ల మీద ప్రభావం అలాగే ఉంది. కంప్యూటర్‌లో రాసిన ఫైలును రీసైకిల్ బిన్‌లోకి లాగి పడేసినా పనిచేసింది. పడేసినట్టు ఊరికే ఊహించుకుంటే పనిచేయలేదు.